ఆముక్తమాల్యదయందలి రాజనీతి: శాస్త్రజ్ఞతయుఁ గర్మానుభవమును

శ్రీకృష్ణదేవరాయల యాముక్తమాల్యదలోఁ జతుర్థాశ్వాసమందలి రాజనీతి ఘట్టము నెఱుఁగని పండితుఁడు తెలుఁగునాట నుండఁడు. ఇంత ప్రసిద్ధమైన ఘట్టమునుగూర్చి మరల వ్రాయుట చర్వితచర్వణమని కొందఱకుఁ దోఁపవచ్చును. కాని మనవారు దీనిని రెండు విధములుగా మాత్రమే చదువుచు వచ్చిరి. కొందఱు దీనిని సుభాషిత సంపుటముగా గ్రహించి, పద్యమున కొక హితవాక్యము చొప్పున వేఱుచేసి మెచ్చుకొనిరి. చరిత్రకారులు దీనిని విజయనగర రాజ్యతంత్రమునకు సాక్ష్యముగాఁ గొని, పన్నులు, దుర్గములు, సేనలు నాఁడెట్లుండెనో తెలిసికొనుట కుపయోగించిరి. ఈ రెండును నుచితములే. అయినను రెండింటను నొక ప్రశ్న మఱుగుపడినది. ఈ నీతిని జెప్పువాఁడెవఁడు? వినువాఁడెవఁడు? ఏ సమయమునఁ జెప్పఁబడినది? ఈ మూఁడు ప్రశ్నలకు సమాధానమును మనస్సునం దుంచుకొని చదివినచో, ఎనుబదికి దగ్గఱగానున్న యీ పద్యములు విడివిడి హితోక్తులుగాఁ గాక, యొక కష్టమైన ప్రశ్నచుట్టును దిరుగుచున్నట్లు కనఁబడును. ఆ ప్రశ్న యిది: పని నెఱుఁగనివానికిఁ బ్రభుత్వభారము నెట్లప్పగింపవచ్చును? అప్పగింపక తప్పనప్పు డేమి చేయవలెను?

చెప్పువాఁడు యామునాచార్యుఁడు. అతఁడు రాజ్యమును సంపాదించిన విధమును దలఁచుకొనుఁడు. అతఁడు వంశక్రమమున రాజు గాఁడు, దండనాయకుఁడుగా నుండి పైకి వచ్చినవాఁడును గాఁడు. చదువుకొనుచున్న బాలుఁడుగానే పాండ్యరాజసభకుఁ బోయి, శాస్త్రవాదమున గెలిచి, యర్ధరాజ్యమును బహుమానముగాఁ బడసెను. అనఁగాఁ దర్కమునందలి గెలుపునకు రాజ్యమే ఫలమయ్యెను. వాదమున నెగ్గినవాఁడు పన్ను లెట్లు కూర్చునో, కోట నెట్లు కాపాడునో యా సభలో నెవ్వరు నడుగలేదు. తరువాత నతఁడు రాజభోగములలో మునిఁగి తన కులధనమును మఱచియుండఁగా, శ్రీరామమిశ్రుఁడు వచ్చి, కూరయాకు నెపముగా దరిఁజేరి, శ్రీరంగమునకుఁ గొనిపోయి, యాతనికిఁ దన నిజస్థితిని దెలిపెను. అప్పుడు యామునుఁడు రాజ్యమును గుమారున కప్పగించి, వెడలిపోవుచు నీ నీతిని బోధించెను. ఇఁక దాను బ్రక్కన నుండి చూచుట కవకాశము లేదు. వినువాఁడు నూతనుఁడు. చెప్పువాఁడు నొకనాఁడు నూతనుఁడే. చదువుచేతనే రాజ్యమును బొందినవాఁడు, చదువుమాత్రమే చాలదని యెఱిఁగి, తన యనుభవమును గుమారునికి మాటలలోఁ బెట్టి యిచ్చుటకుఁ బ్రయత్నించు సందర్భ మిది. మాటలలోఁ బెట్టి యిచ్చిన యనుభవము మరల శాస్త్రమే యగునుగదా! ఈ వైపరీత్యమును రాయలు బుద్ధిపూర్వకముగాఁ గల్పించెనో లేదో చెప్పఁజాలము. కాని కథలో నది యున్నది. దానిని విడిచి చదువుట కావ్యమునకు న్యాయము గాదు.

ఈ ప్రశ్న రాయల కాలమునఁ బుట్టినది గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము ప్రథమాధికరణమున నమాత్యులను నియమించుటనుగూర్చి యొక చక్కని వాదమున్నది. సహాధ్యాయులను నియమింపుమని భారద్వాజుఁడు చెప్పును, వారి శుచిత్వము, సామర్థ్యము నెఱిఁగినవే గనుక. లెక్కలకు సంబంధించిన పనులలో నియమింపఁబడి, చెప్పిన రాఁబడినిగాని యంతకు మించిగాని చూపినవారిని నియమింపుమని పిశునుఁడు చెప్పును. తండ్రితాతలనాఁటినుండి కొలిచినవారే తగుదురని కౌణపదంతుని మతము. అట్టివారు రాజునే మ్రింగి తామే రాజులై కూర్చుందురు గావున, నీతి నెఱిఁగిన క్రొత్తవారిని దెచ్చుకొనవలెనని వాతవ్యాధి వాదించును. దానికి బాహుదంతీపుత్రుఁడు చెప్పిన సమాధానము మన విషయమునకు మూలకందము. శాస్త్రము నెఱిఁగియుఁ బనిని జూడనివాఁడు పనిలోఁ జిక్కులు పడునని యతని యాక్షేపము. అట్టివానిని ‘అదృష్టకర్ముఁ’డన్నారు. ఈ చిన్నమాటలో నెంత యర్థమున్నదో పండితులు గమనింతురుగాక. వాఁడు మూర్ఖుఁడు గాఁడు, దుష్టుఁడును గాఁడు. కన్నులారఁ బనిని జూడనివాఁడు మాత్రమే.

కౌటిల్యుఁడు వీరిలో నెవ్వరిని గాదనలేదు. అందఱి మాటయు నొకవిధముగా సరియే యనియు, పురుషుని సామర్థ్యము పనియందలి సామర్థ్యమును బట్టియే యేర్పడుననియుఁ దీర్పు చెప్పి, తరువాత నొక గీటు గీచెను. దేశమును, గాలమును, బనిని బట్టి వీరినందఱను నమాత్యులనుగాఁ జేయవచ్చును గాని మంత్రులనుగాఁ జేయరాదఁట. పని నేర్చుకొనుటకుఁ జోటున్న పదవి వేఱు, నేర్చుకొనుటకుఁ జోటులేని పదవి వేఱు. మొదటిదాని తప్పునకు దిద్దుబాటు కలదు. రెండవదాని తప్పు రాజ్యమంతటికిఁ దగులును. ఈ భేదమును మఱవకున్నఁ బదవులకు యోగ్యులనుగూర్చిన వివాదములు చాలవఱకుఁ దీఱును.

ఇఁక రాయలు చెప్పిన మంత్రిలక్షణము చూతము. చదువుకొన్నవాఁడు, అధర్మమునకు భయపడువాఁడు, రాజనీతి నెఱిఁగినవాఁడు, ఏఁబది డెబ్బది యేండ్ల నడిమి వయస్సువాఁడు, రోగములేనివాఁడు, పూర్వులనాఁటినుండి రాజకులముతోడఁ బరిచయముగలవాఁడు, గర్వములేనివాఁడునైన బ్రాహ్మణుఁడు రాజు కోరఁగా మంత్రిపదవిని గైకొన్నచో రాజ్యాంగములు వృద్ధిపొందుట కొకదినము చాలునని యభిప్రాయము. ఇందుఁ గులనియమము నాఁటి కాలమునకుఁ జెందినది. 1950వ సంవత్సరమున నమలునకు వచ్చిన రాజ్యాంగము 16వ యధికరణమున ప్రభుత్వోద్యోగములయందు సమానావకాశము నందఱకు నిచ్చినది గావున, దాని నిప్పుడు సమర్థింపఁ బనిలేదు, దాఁచిపెట్టను బనిలేదు. మనము చూడవలసినది తక్కిన లక్షణముల కూర్పు. చదువును, నీతియెఱుకయును జెప్పిన వెంటనే వయస్సునకు మేరలు రెండు పెట్టెను. క్రింది మేర యనుభవముకొఱకు, పై మేర శక్తికొఱకు. కౌణపదంతుఁడు కోరిన వంశపరిచయము నిందున్నది, వాతవ్యాధి కోరిన నీతిజ్ఞతయు నున్నది. గర్వములేమిని జేర్చి, పాతకాపులు రాజును మ్రింగుదురన్న భయమునకు విఱుగుడు చూపెను. వేర్వేఱు మతములుగా నున్నవానిని రాయ లొక్క పురుషునియందుఁ గూర్చెనన్నమాట.

అట్టివాఁడు దొరకకున్న నేమి గతి? ఉత్తమలక్షణముల జాబితా వ్రాయువారు సాధారణముగా నిచట నాఁగిపోవుదురు. రాయ లాఁగలేదు. తగినవాఁడు లేనప్పుడు రాజు తన బుద్ధిని, తన బలమును నమ్ముకొని పని నడపుకొనవలెను గాని, స్థానము ఖాళీగానున్నదని తగనివానిఁ దెచ్చి పెద్దను జేయరాదని చెప్పెను. అట్లు పెద్దయైన దుష్టుని గుమ్మడికాయంత ముత్యముతోఁ బోల్చెను. ఈ యుపమానము నవ్వు పుట్టించును గాని లోఁతు గలది. ముత్యము విలువ పరిమాణముతోఁ బెరుగును. కాని గుమ్మడికాయంతైన ముత్యమును ధరించువాఁడు లేఁడు, కొనువాఁడును లేఁడు. చివరకు యజమానుఁడే దానికిఁ గావలివాఁడగును. రాజు వాని చేతిలో బ్రదుకవలసి వచ్చునన్న భావ మిదియే.

నా దృష్టిలో నీ ఘట్టమున కంతటికిని గీలకమైన పద్యము వేఱొకటి కలదు. ఒకనిఁ దొలుత మిక్కిలి పెంచి పిదపఁ దగ్గించినచో, వాఁడు తన పూర్వపు హీనదశను దలఁపక యలుగును. కావున శీలమును బరీక్షించి, క్రమక్రమముగాఁ బెంచుచు, వేళ నెఱిఁగి పని గొనవలెను. ఇది దీని తాత్పర్యము. పాఠశాలలలో దీనిని మనుష్యుల కృతఘ్నతనుగూర్చిన నీతిగాఁ జెప్పుదురు. ఆ యర్థ మున్నది గాని యది పైపొర. ఇందుఁ దప్పు పెరిగినవానియందుఁ గాక పెంచినవానియందే మోపఁబడినది. పరీక్షింపకుండ నెక్కించినవాఁడు దింపవలసివచ్చినప్పుడు శత్రువును సంపాదించుకొనును. క్రమవృద్ధి యనఁగా నాలస్యము గాదు, మెట్టుమెట్టునను జేయఁబడు పరీక్ష. అదృష్టకర్ముని దృష్టకర్మునిగాఁ జేయు నుపాయ మిదియొక్కటే. బాహుదంతీపుత్రుఁ డాక్షేపమును జెప్పెను, రాయలు దానికి మందును జెప్పెను. చదువునకును ననుభవమునకును నడుమ నున్న యగాధమును దాఁటుటకు నిచ్చెన వేసినది యీ పద్యము.

నిచ్చెన లేకుండ నెక్కినవానివలనఁ గలుగు హానిని గూడ రాయలు చూపెను. బాధలు పడలేక ప్రజలు గ్రామమును విడిచిపోఁగా, వారిని మరలఁ బిలువక, వారి పసులను ధాన్యమును నమ్ముకొని, విడిచిన యిండ్లు వంటచెఱకునకుఁ బనికివచ్చునని సంతోషించు నధికారి రణభూమియందలి నక్కవంటివాఁడనెను. అట్టివాఁ డున్న రాజు సప్తద్వీపముల నేలినను మేలు పొందఁడు. ఈ యధికారికి లెక్కలు తెలియకపోలేదు. ఆ యేఁటి రాఁబడిని జూపుటలో వాఁడు నేర్పరియే. పిశునుని పరీక్షలో నెగ్గఁగలవాఁడు కూడను! వానికిఁ దెలియనిది, వచ్చు నేఁడాది యీ పొలమును దున్నువాఁ డెవఁడన్న ప్రశ్న. ఈ ఘట్టముననే మఱియొకచోట, దేశము చిన్నదైనను గుంటలు కాలువలు త్రవ్వించి, పేదరైతునకుఁ బన్ను తగ్గించి పెంపుచేసినచో ధర్మార్థములు రెండును వృద్ధి పొందునని చెప్పఁబడినది. ఈ రెండు పద్యములను బ్రక్కప్రక్కనఁ బెట్టి చదువవలెను. కుంట త్రవ్వించిన ఫలము కొన్నియేండ్లకుఁగాని కనఁబడదు. వంటచెఱకు నాఁడే పొయ్యిలోఁ జేరును. అధికారి యోగ్యత యీ రెండు కాలముల భేదము నెఱుఁగుటలో నున్నదని కవి హృదయము.

ఇంతవఱకుఁ బ్రశంస. ఇఁక లోపమును జెప్పకున్న విమర్శ యనిపించుకొనదు. శీలమును బరీక్షించువాఁ డెవఁడు? రాజు. క్రమముగాఁ బెంచువాఁడు, నక్కను గుర్తించువాఁడు నెవఁడు? ఆ రాజే. ఈ నీతియంతయు నొక్క కంటిచూపుమీఁద నిలిచియున్నది. అర్థశాస్త్రము ద్వితీయాధికరణము చూడుఁడు. అందు నధ్యక్షుల పనులు వేర్వేఱుగా విభజింపఁబడినవి. లెక్క లెట్లు వ్రాయవలెనో, ధన మపహరించు విధములు నలువది యేవియో చెప్పఁబడినవి. ప్రతికార్యస్థానమునకుఁ బలువురు పెద్ద లుండవలెననియు, వారు స్థిరముగా నుండరాదనియుఁ గూడ నియమింపఁబడినది. ఈ చివరి నియమము దొంగతనమును దగ్గించును గాని యనుభవమును గూడఁ దగ్గించును. ఆ చిక్కు నర్థశాస్త్రము పూర్తిగాఁ దీర్పలేదు. అయినను రాజు నిద్రించినను మేల్కొనియుండు తంత్రమును నిర్మింపఁ బ్రయత్నించినది. ఆముక్తమాల్యదలో నట్టి ప్రయత్నము లేదు. కావ్యము శాస్త్రము గాదు, శాస్త్రవివరములఁ గోరుట తగదని యెవరైన ననవచ్చును. వివరములను నేను గోరుటలేదు. రాజే యదృష్టకర్ముఁ డయినచో నేమి చేయవలెనన్న ప్రశ్నకు, రాజ్యభార మెఱుఁగని కుమారుఁ డెదుట నిలిచియుండఁగాఁ గూడ, సమాధానము చెప్పకపోవుటయే నా యాక్షేపము. మంత్రికి వయోనియమ మున్నది. రాజునకు లేదు.

ఈ లోపము కాగితముమీఁదనే నిలిచిపోలేదు. రాయలు 1509వ సంవత్సరమున రాజ్యమునకు వచ్చినప్పుడు సాళువ తిమ్మరుసువంటి పెద్ద మంత్రి ప్రక్కన నుండెను. రాయవాచకమున నూతనరాజునకుఁ బెద్దలు నీతిని బోధించిన ఘట్టము విస్తరింపఁబడినది. ఆ గ్రంథము తరువాతి నాయకుల కాలమునాఁటిదైనను, అప్పాజీ లేని రాయలను లోక మూహింపలేదని దానివలనఁ దెలియును. అదృష్టకర్ముఁడైన రాజునకు దృష్టకర్ముఁడైన మంత్రి యుండుటయే యా రాజ్యమునకు దొరకిన యుపాయము. కాని పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుఁడు నూనిజు వ్రాసినదానినిబట్టి, రాయలు తాను జీవించియుండఁగానే యాఱేండ్ల కుమారుని సింహాసన మెక్కించి, మంత్రిపదవిని దానే వహించెను. 1524 నాఁటి శాసనములలో నీ తిరుమలరాయని పేరు కనఁబడుచున్నది. కొలఁదికాలమునకే బాలుఁడు మరణించెననియు, విషప్రయోగ శంకచేఁ దిమ్మరుసును గుటుంబముతోఁ జెఱపట్టించి కన్నులు తీయించెననియు నూనిజు కథనము. ఆతఁడు చెప్పిన ప్రతిమాటను నమ్మ నవసరము లేదు. ఇందు నిజమైన భాగమును మాత్రమే గ్రహించినను, క్రమవృద్ధిని బోధించిన కలముగలరాజు తన వంశమునఁ గ్రమమును విడిచి బాలునిఁ బట్టాభిషిక్తునిఁ జేసెననుట స్పష్టము. దాయాదులభయమే కారణమై యుండవచ్చును. అయినను మెట్టులన్నియు నితరులకే గాని రాజకుమారునికి లేవన్న కావ్యలోపమే చరిత్రలోను బ్రత్యక్షమయ్యెను.

కంటిచూపునకు బదులుగాఁ దంత్రమును నిలుపవలెనన్న తలంపు పందొమ్మిదవ శతాబ్దమునఁ బ్రబలెను. ఇంగ్లండున సిఫారసులచే నుద్యోగము లిచ్చు నాచారమును ఖండించుచు నార్త్‌కోటు, ట్రెవెల్యనుగారల నివేదిక 1854లో వెలువడెను. ఆ యేఁడే మెకాలే యధ్యక్షుఁడుగానున్న సంఘము హిందూదేశపు సివిలు ఉద్యోగములకుఁ బోటీపరీక్షను సూచించెను. 1855లో లండనునఁ బరీక్ష ప్రారంభమయ్యెను. ఇది గొప్ప సంస్కారమే. కాని పరిశీలించినచో నిది యామునాచార్యుని వాదసభయే! చదువునఁ బోటీపడి నెగ్గినవానికి రాజ్యభాగము లభించును. సిఫారసును దొలఁగించినది గాని యదృష్టకర్ముని తొలఁగింపలేదు. అందుచేతనే పరీక్ష తరువాత శిక్షణము, జిల్లాలలోఁ జిన్నపదవులు నవసరమయ్యెను. పరీక్షలు పుట్టకమునుపే మనదేశమున నిచ్చెన నెక్కిన మన్రోను జూడుఁడు. 1780లో సైనికశిష్యుఁడుగా మద్రాసునకు వచ్చినవాఁడు, 1792 మొదలు బారామహలున నలెగ్జాండరు రీడుక్రింద నేడేండ్లు పన్నుల పని నేర్చి, పిమ్మటనే 1800లో దత్తమండలముల కధికారిగా వచ్చెను. అట్లు పని నేర్చినవాఁడే 1824లోఁ దన లేఖనమున, దేశీయులను బెద్దపదవులకు దూరము చేయుటవలన వారి శక్తి కుంటుపడుచున్నదని చెప్పెను. ఇది రాయల పద్యమునకుఁ జేర్పవలసిన మాట. అనుభవము లేదని పదవి నీయకుండుటయుఁ, బదవి లేదుగనుక ననుభవము కలుగకుండుటయు నొక చక్రము. క్రింది మెట్టును మూసివేసి పై మెట్టున యోగ్యులు లేరనుట న్యాయము గాదు. రాయలు విధించిన కులనియమమునకును నిదియే ప్రత్యుత్తరము.

ఈ వాద మింకను ముగియలేదు. భారత ప్రభుత్వము 2018లో సంయుక్త కార్యదర్శి పదవులు 10 టికి నుద్యోగశ్రేణికి వెలుపలి నిపుణులనుండి దరఖాస్తులు గోరెను. 2024 ఆగస్టులో 45 పదవులకై వెలువడిన యట్టి ప్రకటనము, రిజర్వేషను లేదన్న యాక్షేపము రాఁగాఁ గొన్నిదినములకే యుపసంహరింపఁబడెను. ఒకపక్షమువారు వాతవ్యాధివలెఁ గ్రొత్త నిపుణులు కావలెనందురు. మఱియొకపక్షమువారు బాహుదంతీపుత్రునివలెఁ బ్రభుత్వపు పని చూడనివారు చిక్కుపడుదురందురు. వ్యాపారమున నైపుణ్యము నిజమైన నైపుణ్యమే. అయినను బ్రజలు విడిచిపోయిన గ్రామము దానికి లెక్కలోని యొక పంక్తిగాఁ గనఁబడు నపాయమున్నది. శ్రేణిలోఁ బెరిగినవారికిని నా యపాయము లేకపోలేదు. రణభూమియందలి నక్క క్రొత్తవాఁడని రాయలు చెప్పలేదుగదా! పలుయేండ్లు పనిచేసియుఁ బనిని జూడనివా రుందురు. కాలము గడచుట యనుభవము గాదు, శీలపరీక్షతోఁ గూడిన క్రమవృద్ధియే యనుభవము.

కావునఁ బాఠశాలలలో నీ ఘట్టమును బోధించు పండితులకు నా మనవి యిది. పద్యములను విడఁదీసి కంఠస్థము చేయించుటకు ముందు, యామునుఁడు సభలో గెలిచిన కథను, అతఁడు గుమారుని విడిచిపోవు సందర్భమును జెప్పుఁడు. చదువుచే రాజ్యము గెలువవచ్చుననియుఁ, జదువొక్కటిచే దాని నేలరాదనియు నా కథయే బాలురకు బోధించును. పిమ్మట మంత్రికిఁ బెట్టిన నియమములు రాజున కేల పెట్టలేదని వారినే యడుగుఁడు. ప్రజలే రాజులను నియమించుకొను నీ కాలమున నా ప్రశ్న వారికిఁ బరాయిది గాదు. రాయల కవితాగౌరవమున కీ ప్రశ్నవలన లోపము రాదు. ప్రశ్నింపఁదగిన గ్రంథమే జీవించియున్న గ్రంథము. ఇందు నా యభిప్రాయమునఁ బొరపాటున్నచో విజ్ఞులు సప్రమాణముగాఁ జూపి దిద్దుదురుగాక.